రక్తవైద్యుడికి ఉండవలసిన అచ్చుకెక్కని అర్హతలు

భారతదేశంలో రక్తవ్యాధుల నిపుణుడు కావాలంటే ఏం చదవాలో నిబంధనల పుస్తకం రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. ఎంబీబీఎస్ తర్వాత జనరల్ మెడిసిన్‌లోనో, పిల్లల వైద్యంలోనో, పాథాలజీలోనో ఎండీ చెయ్యాలి. ఆపైన నీట్ సూపర్ స్పెషాలిటీ రాసి మూడేళ్ల డీఎం క్లినికల్ హెమటాలజీలో చేరాలి. నేషనల్ బోర్డు దారిలో పోయేవాళ్లకు అదే మూడేళ్ల చదువు డీఆర్‌ఎన్‌బీ అవుతుంది. అంతే. చదువుతుంటే ఎంత ముచ్చటేస్తుందో! ఎక్కడా తిరకాసు లేదు, ఎక్కడా అక్షరం ఎక్కువ పడలేదు.

అసలు అర్హతలు మాత్రం అందులో లేవు. అచ్చు వేస్తే ఒక్క దరఖాస్తూ రాదని పెద్దల భయం కావచ్చు. సీట్లో చేరాక అవి ఒక్కొక్కటిగా వాటంతటవే తెలిసొస్తాయి. పిల్లల్ని బైపీసీలో చేర్పించి, డాక్టరమ్మా, డాక్టరుబాబూ అని ఇప్పట్నించే పిలుచుకుంటున్న తల్లిదండ్రుల సౌకర్యార్థం వాటిని ఇక్కడ వరుసగా ప్రకటిస్తున్నాం.

మొదటి అర్హత: దీర్ఘాయుష్షు

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఏడాది, ఎండీ మూడేళ్లు, డీఎం మూడేళ్లు. కాగితం మీద పదకొండున్నరేళ్లు. ఈ లెక్క వేసినవారు జన్మలో ప్రవేశపరీక్ష రాసి ఉండరు. ఇంటర్ అయ్యాక విజయవాడలోనో హైదరాబాద్‌లోనో లాంగ్‌టర్మ్ కోచింగ్ ఒక ఏడాది, నీట్ పీజీ కోసం మరో ఏడాదో రెండేళ్లో, ఎండీ అయ్యాక సర్కారుకు రాసిచ్చిన బాండు, ఆ తర్వాత ఎస్‌ఎస్ పరీక్ష ఎప్పుడు పెడతారా అని ఎదురుచూపులు. ఇవన్నీ లెక్క బయట. కలుపుకుంటే మనవాడు రక్తవైద్యుడినని బోర్డు పెట్టుకునేసరికి చెంపలు నెరుస్తాయి.

ఎదురుచూపులు అన్నది ఊరికే నోటికొచ్చిన మాట అనుకునేరు. 2024 సంవత్సరపు నీట్ ఎస్‌ఎస్ 2025 మార్చి ఆఖర్న జరిగింది. కోవిడ్ కాలంలో ఆలస్యంగా చేరిన ఎండీ బ్యాచి 2025 జనవరికి గానీ బయటపడదు కాబట్టి 2024లో పరీక్ష పెట్టబోమని జాతీయ వైద్య కమిషన్ నిర్ణయించింది. అభ్యర్థులు సుప్రీంకోర్టు మెట్లెక్కారు, కోర్టు కమిషన్ నిర్ణయాన్ని కాదనలేదు. కారణం సబబే. మరి అప్పటికే ఎండీ పూర్తిచేసి కూర్చున్నవాళ్లు ఆ ఏడాదంతా ఏం చెయ్యాలి? దానికి ఏ సర్క్యులర్‌లోనూ జవాబు లేదు.

ఈలోగా ఇంట్లో సంబంధాలు చూస్తుంటారు.

"అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?"

"చదువుతున్నాడండీ."

"వయసెంతన్నారు?"

"ముప్పై రెండు."

అవతలి ఫోను కాసేపు మాట్లాడదు. "ఏం చదువుతున్నాడు?"

"హెమటాలజీ అండీ. రక్తానికి సంబంధించింది."

"ఓహో, ల్యాబా? మా వీధి చివర కూడా కొత్తగా పెట్టారండీ. షుగరు టెస్టు ఎనభై రూపాయలకే చేస్తున్నారు."

రెండో అర్హత: రక్తం మీద మమకారం లేకపోవడం

ఒకప్పుడు ఎస్‌ఎస్ పరీక్షలో నూటికి అరవై పాళ్లు అభ్యర్థి కోరుకున్న సూపర్ స్పెషాలిటీ నుంచి అడిగేవారు, మిగతా నలభై ఎండీ చదువు నుంచి. హెమటాలజీ కావాలనుకున్నవాడు లుకీమియాల గురించీ, నెత్తురు గడ్డకట్టే తీరు గురించీ రాత్రింబవళ్లు చదువుకుని వచ్చేవాడు. ఇది పెద్దలకు కంటగింపైంది. 2021 నవంబరులో పరీక్ష పెట్టుకుని ఆ ఆగస్టు ఆఖర్న కొత్త పద్ధతి ప్రకటించారు: నూటికి నూరు పాళ్లూ ఎండీ సబ్జెక్టు నుంచే. యువడాక్టర్లను అధికార క్రీడలో ఫుట్‌బాల్ చెయ్యొద్దని జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం కేంద్రాన్ని గట్టిగా మందలించింది. ఖాళీ సీట్లు నింపుకోవడానికేనా ఈ తొందర అని అనుమానం కూడా వెలిబుచ్చింది. కేంద్రం వెనక్కి తగ్గింది. ఎంత దూరం? సరిగ్గా ఒక్క పరీక్ష దూరం. ఆ తర్వాతి పరీక్ష నుంచి కొత్త పద్ధతే రాజ్యమేలుతోంది.

నూట యాభై ప్రశ్నలు, రెండున్నర గంటలు, ఆరు వందల మార్కులు. మెడిసిన్ పేపరు రాసేవాడు గుండె, కాలేయం, మూత్రపిండాలు, మెదడు, ఊపిరితిత్తులు అన్నీ నమిలి మింగి రావాలి. అందులో రక్తం వాటా ఎంతో లెక్కపెట్టాలంటే రెండు చేతుల వేళ్లు, చాలకపోతే కాలి వేళ్లు కూడా కలుపుకుంటే సరిపోతుంది.

గజ ఈతగాళ్లను ఎంపిక చెయ్యడానికి పరుగుపందెం పెట్టారన్నమాట. పందెంలో ముందొచ్చినవాళ్లు ఎక్కువగా కార్డియాలజీ, గ్యాస్ట్రో పట్టుకుపోతారు. వెనకొచ్చినవాళ్లు కౌన్సెలింగ్ స్క్రీన్ మీద మిగిలినవాటిలో ఏరుకుంటారు. "ఒరే, కార్డియో పోయింది, నెఫ్రో కూడా అయిపోయింది. హీమాట్ ఒకటి కనపడుతోంది, పెట్టెయ్యమంటావా?" రక్తశాస్త్రంలోకి గృహప్రవేశం ఇలా, ఆప్షన్ లాక్ చెయ్యడానికి పది నిమిషాలుందనగా చేసిన ఫోన్లో జరిగిపోతుంది. కోరి కోరి రక్తంలోకి వచ్చేవాళ్లు లేరని ఎవరన్నారు? ఉన్నారు. వాళ్ల కోరికను కొలిచే ప్రశ్నే ఆ పేపర్లో లేదు.

అప్పటికీ సీట్లు మిగిలిపోతే? దానికీ మందుంది. కటాఫ్ తగ్గిస్తారు. మళ్లీ మిగిలితే మళ్లీ తగ్గిస్తారు. ఎండీ సీట్లకు పెట్టే నీట్ పీజీలోనైతే 2023లో అర్హత పర్సెంటైల్‌ని ఏకంగా సున్నాకు దించారు. సున్నా కన్నా తక్కువ మార్కులు తెచ్చుకున్నవారికి కూడా కౌన్సెలింగ్ తలుపులు తెరుచుకున్నాయి. హాలుకి రావడమే అర్హత అయినప్పుడు ఇక పరీక్ష దేనికని అడక్కండి. ఫీజు కట్టించుకోవడానికి.

ఇంతకీ ఆ ఎస్‌ఎస్ పరీక్ష చూడలేనిదేమిటో ఒక్క ఉదాహరణ. రాత్రి తొమ్మిదింటికి ఇరవై ఏళ్ల అమ్మాయి వార్డుకొస్తుంది. చిగుళ్లనుంచి నెత్తురు, తొడల మీద దెబ్బ తగలకుండానే కమిలిన నల్లటి మచ్చలు, ప్లేట్‌లెట్లు పన్నెండు వేలు. డాక్టరు ఒక చుక్క నెత్తురు గాజుపలక మీద వేసి, ఇంకో పలక అంచుతో పలచగా సాగదీసి, ఆరనిచ్చి, లీష్‌మన్ రంగు పోసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెడతాడు. ఊదారంగు రేణువులు కిక్కిరిసిన కణాలు, వాటి లోపల కట్టలుగా పడి ఉన్న సన్నని ఎర్రటి పుల్లలు కనపడ్డాయా, అది అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకీమియా. జన్యుపరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగకూడదు. ఆ రాత్రే ఆట్రా అనే మందు గొట్టాలు మింగించాలి. దానికి తోడు ఆర్సెనిక్, మన పెద్దలు పాషాణం అనేదే, సెలైన్లో ఎక్కిస్తే ఈ జబ్బున్నవాళ్లలో అత్యధికులు పూర్తిగా బాగుపడతారు. తెల్లారాక చూద్దాంలే అనుకుంటే తెల్లారేలోగానే మెదడులో నెత్తురు చిమ్మి ప్రాణం పోవచ్చు. ఆ గంటలో ఆ పలకను చదవగలిగే రెండు కళ్లు కావాలి. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కమనే కంప్యూటరుకు ఆ కళ్లతో పనేముంది?

మూడో అర్హత: నిద్ర అక్కర్లేని ఒళ్లు

2023 డిసెంబరు ఆఖర్న కమిషన్ తెచ్చిన పీజీ నిబంధనల్లో ఒక ఆణిముత్యం ఉంది. విద్యార్థులు సమంజసమైన గంటలు పనిచేస్తారట, విశ్రాంతికి వాళ్లకు సమంజసమైన సమయం ఇస్తారట. ఎన్ని గంటలైతే సమంజసం? రాయలేదు. హాజరు మాత్రం 80 శాతం అని అంకెతో సహా రాశారు. డాక్టరు సర్కారుకు చెయ్యాల్సినవాటికి అంకెలుంటాయి, సర్కారు డాక్టరుకు చెయ్యాల్సినవాటికి విశేషణాలుంటాయి.

అంకె వెయ్యడం చేతకాక కాదు. రెసిడెంట్ డాక్టర్ల పని వారానికి 48 గంటలు, ఏకబిగిన అయితే 12 గంటలు మించకూడదని కేంద్ర ఆరోగ్యశాఖ 1992 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు పెరిగి, పెద్దవాళ్లై, డాక్టర్లై ఇప్పుడు వార్డుల్లో ముప్పై ఆరు గంటల డ్యూటీలు చేస్తున్నారు. సర్క్యులర్‌కి కూడా వాళ్లంత వయసొచ్చింది గానీ, ఇంకా డ్యూటీలో చేరలేదు.

రక్తవార్డులో రాత్రి ఎలా గడుస్తుందో చూడండి. కీమో ఎక్కించిన రోగికి తెల్లకణాలు అడుగంటుతాయి. అప్పుడు జ్వరం వచ్చిందంటే గంట తిరక్కుండా యాంటీబయాటిక్ నరంలోకి పోవాలి. ఆ సూది చేతిలో ఉండగానే బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను: "ఎస్‌డీపీ ప్లేట్‌లెట్లు లేవండీ, ఆర్‌డీపీ సంచులు నాలుగు ఇస్తాం, అటెండరుని పంపండి." అటెండరు ఉంటే కదా! డీఎం రెసిడెంటే మెట్లు దిగుతాడు. సంచులు తీసుకుని వచ్చేలోపు ఇంకో బెడ్డు దగ్గర రోగి బావమరిది ప్లేట్‌లెట్ల సంచీని భద్రంగా ఐసుపెట్టెలో దాచబోతుంటాడు. ప్లేట్‌లెట్లు గది వేడిమిలోనే ఉండాలి బాబూ, చల్లబడితే పనికిరావు అని ఆయనకు పాఠం చెప్పాలి. తర్వాత కేస్ షీటు రాయాలి, మజ్జ పరీక్ష సాంపిల్ మీద లేబులు అంటించాలి, పొద్దున్న రౌండ్లకు రిపోర్టులు సిద్ధం చెయ్యాలి. పదకొండేళ్ల చదువు మెట్ల మీద పైకీ కిందకీ తిరుగుతుంటుంది.

నాలుగో అర్హత: కనపడని గురువు దగ్గర నేర్చుకోగలగడం

2010లో అప్పటి వైద్యమండలి అధ్యక్షుణ్ని సీబీఐ లంచం కేసులో అరెస్టు చేసింది. మండలి కుళ్లిపోయిందని తేల్చి, దాన్ని ఎత్తేసి, 2020 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్‌ను కొలువుదీర్చారు. పాత బోర్డు దింపారు, కొత్త బోర్డు ఎక్కించారు. 2025 వేసవి దాటగానే అదే సీబీఐ మళ్లీ వచ్చింది. కాలేజీల తనిఖీలకు ఎవరు ఎప్పుడు వస్తారో ముందే చేరవేశారని, లంచాలు చేతులు మారాయని, లేని అధ్యాపకుల్ని ఉన్నట్టు చూపించారని ముప్పై మందికి పైగా పేర్లతో కేసు పెట్టింది. అందులో మంత్రిత్వశాఖ ఉద్యోగులున్నారు, తనిఖీకి వెళ్లిన డాక్టర్లున్నారు. తెలుగు రాష్ట్రాల కాలేజీల ప్రస్తావనా ఉంది. హాజరు యంత్రాన్ని బురిడీ కొట్టించడానికి నకిలీ వేళ్లు వాడారన్నది అందులోని ఒక అభియోగం.

ఏకలవ్యుడికి గురువు లేకపోయినా కనీసం మట్టిబొమ్మ ఉంది. ఆ కథలో ద్రోణుడు శిష్యుడి బొటనవేలు పట్టుకుపోయాడు. అభియోగమే నిజమైతే ఈ కాలపు ద్రోణుడు అంతకన్నా ఉదారుడు. తన వేలే కాలేజీకి రాసిచ్చి, తాను నర్సింగ్ హోమ్‌కి వెళ్లిపోయాడు.

రక్తవైద్యం పుస్తకంలో దొరికే విద్య అయితే ఈ గొడవంతా ఉండేది కాదు. తుంటి ఎముకలోకి సూది ఎంత దూరం దిగితే మజ్జ తగులుతుందో, ఎంత పీలిస్తే నెత్తురు కలిసి సాంపిల్ పాడవుతుందో, పలక మీద ఏ మూల కణాలు చదవడానికి వీలుగా ఉంటాయో పక్కన నిలబడి చూపించే మనిషి ఉండాలి. రెండు తలల మైక్రోస్కోపు ఎందుకు తయారైంది? ఒకవైపు గురువు, ఒకవైపు శిష్యుడు ఒకే కణాన్ని చూడటానికి. కళాశాలకు గుర్తింపు కావాలంటే ఆ మైక్రోస్కోపు కొన్న బిల్లు చూపించాలి. రెండోవైపు ఎవరైనా కూర్చుంటున్నారా అన్నది ఏ బిల్లులో ఉంటుంది?

ఐదో అర్హత: హద్దుల తగాదాల్లో నెగ్గుకురావడం

నెత్తురు ఒంట్లో ఎక్కడైనా తిరుగుతుంది. డిగ్రీలు అలా తిరగవు. లుకీమియా రోగి ఎవరివాడు? రక్తానికి వచ్చింది కాబట్టి మావాడే అంటాడు డీఎం హెమటాలజిస్టు. క్యాన్సరు కాబట్టి మావాడే అంటాడు డీఎం మెడికల్ ఆంకాలజిస్టు. వయసు పన్నెండేళ్లు కాబట్టి మాకే చెందుతాడని పిల్లల క్యాన్సర్ల డాక్టరు. పలక చదివే హక్కు పాథాలజిస్టుది, ఎక్కించే నెత్తురు మీద అధికారం ట్రాన్స్‌ఫ్యూజన్ మెడిసిన్ వారిది. ఇంతమంది హక్కుదారులున్న రోగి కార్పొరేట్ ఆస్పత్రిలో యువరాజు. అదే రోగి జేబులో డబ్బు లేకుండా సర్కారు ఆస్పత్రికి వచ్చాడంటే హక్కుదారులంతా ఒకరినొకరు చూపించుకుంటారు. "ఇది మా దగ్గర చూడరమ్మా, ఆ బ్లాకుకి వెళ్లండి."

బ్రిటన్‌లో ఇదే చదువు చూడండి. ముందు ఇంటర్నల్ మెడిసిన్ శిక్షణ, తర్వాత దాదాపు అయిదేళ్ల హెమటాలజీ. రోగిని చూసేదీ, ల్యాబులో పలక చదివేదీ, గడ్డకట్టే పరీక్షల గుట్టు విప్పేదీ, బ్లడ్ బ్యాంకుకు సలహా చెప్పేదీ ఒక్కడే. చివర్న రాయల్ కాలేజ్ ఆఫ్ పాథాలజిస్ట్స్ వారి పరీక్ష పాసవ్వాలి. అందులో పలకలు ముందు పెట్టి ఏం కనపడిందో రాయమంటారు. వాళ్ల ఆరోగ్యసేవ బాగోతాలు వాళ్లకున్నాయి. డాక్టర్లు రోడ్డెక్కి సమ్మెలూ చేశారు. అయినా రక్తం డాక్టరు కాబోయేవాణ్ని రక్తం గురించి అడగాలన్న తెలివి మాత్రం వాళ్లకు మిగిలింది.

ఆరో అర్హత: కుర్చీ లేకుండా కూర్చోవడం

ఇన్ని గండాలు దాటి బయటపడ్డ రక్తవైద్యుడికి ప్రభుత్వం కొలువు ఎక్కడ చూపిస్తుంది? మీ జిల్లా ఆస్పత్రి గుమ్మంలో వేలాడే బోర్డు చదవండి. ఎముకలు, కళ్లు, చెవి ముక్కు గొంతు, చర్మం, పిల్లలు, ప్రసూతి. అందులో హెమటాలజీ కనపడితే ఫొటో తీసి దాచుకోండి, చూపించి గొప్పలు చెప్పుకోవచ్చు.

అవసరం లేక కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో తేల్చిన ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇద్దరు ఆడవాళ్లు ఎదురుపడితే ఒకరికి నెత్తురు తక్కువ. ఇక సికిల్ సెల్. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టారు. 17 రాష్ట్రాలు, 7 కోట్ల మందికి పరీక్షలు, 2047కల్లా జబ్బు మాయం. తెలుగు రాష్ట్రాలు రెండూ అందులో ఉన్నాయి. 2025 నాటికి ఆరు కోట్ల మందికి పైగా పరీక్షలు పూర్తిచేశామని, రెండు లక్షల మందికి పైగా రోగులు తేలారని కేంద్రమే ప్రకటించింది. మెచ్చుకోవలసిందే. పాడేరు కొండల్లో, ఉట్నూరు గూడేల్లో పిల్లలకు కార్డులు వచ్చాయి. జబ్బుందని కార్డు చెబుతుంది. కీళ్లనొప్పులతో, ఊపిరాడక ఆ పిల్ల అర్ధరాత్రి మెలికలు తిరిగిపోతుంటే ఏం చెయ్యాలో కార్డు చెప్పదు, చెప్పగలవాడు నగరంలో ఉంటాడు. కార్డు పట్టుకుని బస్సెక్కాలి.

బాండు ఉందిగా, వాళ్లను అక్కడికే పంపిస్తారుగా అంటారేమో. బాండ్లు చెల్లుతాయని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, రాష్ట్రాలు లక్షల జరిమానా రాసి సంతకాలు తీసుకుంటున్నాయి. రాయించుకున్నాక రక్తవైద్యుణ్ని ఎక్కడ వేస్తారు? ఖాళీ ఎక్కడుంటే అక్కడ. రక్తకణాల రకాలు తేల్చే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష పేరు వినని ఆస్పత్రిలో, జనరల్ ఓపీ గదిలో, బీపీ మాత్రలు రాస్తూ గడువు తీరేదాకా రోజులు లెక్కపెట్టుకుంటాడు. పదకొండున్నరేళ్లు మలిచిన విద్యను ఏడాదిలో తుప్పు పట్టించే ఏర్పాటు ఇది. గడువు తీరిన మర్నాడు కార్పొరేట్ ఆస్పత్రి మజ్జ మార్పిడి విభాగం తలుపు తీసి ఉంటుంది. లేదంటే విమానం ఉంది. అమెరికాలో సాధారణంగా మన ఎండీనీ డీఎంనీ పక్కన పెట్టించి మూడేళ్ల రెసిడెన్సీ, ఆపైన ఫెలోషిప్ మళ్లీ మొదట్నుంచి చేయిస్తారు. అయినా వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. రెండోసారి అక్షరాభ్యాసం చేసుకోవడానికి సిద్ధపడ్డారంటే ఇక్కడి కొలువు ఎంత ముద్దొచ్చిందో అర్థం చేసుకోవచ్చు.

పోనీ మందులు లేవా అంటే, దీర్ఘకాలిక మైలాయిడ్ లుకీమియాకు ప్రాణం పోసే ఇమాటినిబ్ మాత్రను హైదరాబాద్ కంపెనీ నాట్కో వీనాట్ పేరుతో తయారుచేసింది. విదేశీ కంపెనీ నెలకు లక్షకు పైగా అడిగిన మందు దాంతో వేలల్లోకి దిగింది. నోవార్టిస్ పేటెంటు వాదనను 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. మజ్జ మార్పిడిని ముంబై టాటా ఆస్పత్రి 1983లోనే చేసి చూపించింది. మందు మన దగ్గర పుడుతుంది, విద్య మన దగ్గర ఉంది. చీటీ రాసే చెయ్యి ఒక్కటే నగరం దాటి జిల్లాల్లోకి రాదు.

ఇక అర్హత అక్కర్లేనివాళ్లు

రక్తం చూడటానికి ఇన్ని అర్హతలు ఒకరికి పెట్టాం కదా, మిగతావాళ్లకు ఎన్ని పెట్టాం? ఒక్కటీ పెట్టలేదు. ఊళ్లో ఆర్ఎంపీ గారు "ఒంట్లో రక్తం లేదమ్మా" అని కనురెప్ప లాగి తేల్చేస్తారు. మందుల షాపులో కుర్రాడు ఎర్రటి టానిక్ సీసా అందిస్తాడు. పాలిపోయిన పిల్లకు తలసీమియా ఉందో, లుకీమియా మొదలైందో, కడుపులో పురుగులున్నాయో ఎవరికెరుక? అందరికీ ఒకటే ఐరన్. నెలనెలా నెత్తురు ఎక్కించుకునే తలసీమియా పిల్లల ఒంట్లో ఇనుము పేరుకుపోయి గుండె, కాలేయం పాడవుతాయి. వాళ్లకు ఇనుము తీసెయ్యాల్సింది పోయి ఇంకాస్త పోస్తారు.

డెంగీ కాలం వస్తే రాష్ట్రంలో ప్రతివాడూ హెమటాలజిస్టే. "మావాడికి ప్లేట్‌లెట్స్ నలభై వేలకి పడిపోయాయి, అర్జెంటుగా డోనర్ కావాలి" అని వాట్సాప్ గ్రూపులన్నీ మోగిపోతాయి. రక్తస్రావం లేకపోతే పదివేల కిందికి దిగేదాకా ఎక్కించనక్కర్లేదని జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. వాటిని చదివినవాడు బాండు తీరుస్తూ బీపీ మాత్రలు రాస్తున్నాడు కాబట్టి, ఈలోగా బొప్పాయి ఆకులకు గిరాకీ, మేకపాలకు గిరాకీ, ప్రైవేటు బెడ్డుకు మరీ గిరాకీ. రోజుకు రెండుసార్లు కౌంటు, కౌంటుకో బిల్లు.

చదువుకున్నవాడికి పదకొండేళ్ల కంచె, చదువుకోనివాడికి బార్లా తెరిచిన గేటు. అర్హతలు రోగిని కాపాడటానికి పెట్టారని ఇంకా నమ్మేవాళ్లెవరైనా ఉంటే, వాళ్ల నమ్మకానికి నమస్కారం.

భీమవరం కుర్రాడి దరఖాస్తు

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇవాళ దరఖాస్తు పెట్టుకుంటే ఏమయ్యేది? మద్రాసు మెడికల్ కాలేజీ ఆయనకు పూర్తి ఎంబీబీఎస్ ఇవ్వలేదు, చిన్నదైన ఎల్‌ఎంఎస్ చేతిలో పెట్టి పంపింది. ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపమొచ్చిందని చెబుతారు. ఆయన సోదరుల్ని స్ప్రూ జబ్బు మింగింది. 1923లో హార్వర్డ్‌కి వెళ్లాడు. వాళ్లూ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అదే రక్తహీనతకు మన ఆశా కార్యకర్తలు ఐరన్‌తో కలిపి ఇంటింటికీ పంచుతున్న మాత్ర. ఆ ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ను ఆయన బృందం బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్‌కు అందిస్తే, లుకీమియా పిల్లలు తాత్కాలికంగానైనా కోలుకోవడం ప్రపంచం 1948లో మొదటిసారి చూసింది. అదే కుటుంబపు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ప్రతి రక్తవార్డులో ఉంది.

ఆయన మన ఎస్‌ఎస్ పోర్టల్లో పేరు నమోదు చేసుకోబోతే మొదటి పేజీలోనే ఎర్ర అక్షరాలు వచ్చేవి: మీ డిగ్రీ ఈ జాబితాలో లేదు. అవే అక్షరాలు నకిలీ వేలితో హాజరు వేయించుకున్న ప్రొఫెసరుకు మాత్రం రావు. ఆయన డిగ్రీలన్నీ జాబితాలో ఉన్నాయి.

ఇదంతా చదివి అర్హతలు ఎత్తెయ్యమంటున్నామని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మేం అడిగేది ఇంకా కఠినమైన అర్హతలు, సరైన చోట. ప్రవేశపరీక్షలో సగం పాళ్లు రక్తం నుంచి అడగండి, తెర మీద పలకలు చూపించి అడగండి. యంత్రంలో పడ్డ హాజరుతో పాటు, రెసిడెంటు స్వయంగా తీసిన మజ్జలు ఎన్ని, గురువు పక్కన కూర్చుని చదివిన పలకలు ఎన్ని అని లాగ్‌బుక్కు తెరిచి లెక్కపెట్టండి. కొత్త సీటు మంజూరు చేసేముందు గురువు వేలిని కాకుండా గురువుని చూడండి. బాండు రాయించుకునేముందు పోస్టు సృష్టించండి, అందులో ల్యాబు పెట్టండి, ఆ పోస్టు పాడేరుకు దగ్గర్లో ఉండేట్టు చూడండి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కుర్చీ లేకుండా సంతకాలు తీసుకోవడం ఇకనైనా మానండి.

వీటిలో చాలావాటికి చట్టం మార్చనక్కర్లేదు, పార్లమెంటు కూర్చోనక్కర్లేదు. సర్క్యులర్లు చాలు. పనిగంటల సంగతికైతే అది కూడా కొత్తగా టైపు చెయ్యనక్కర్లేదు. 1992 నాటిది ఒకటి తయారుగా ఉంది, ఇప్పటిదాకా ఎవరూ వాడలేదు కాబట్టి కొత్తదాని కింద లెక్క.